మందుకన్న ముందు అమ్మనుడి

భాషాహక్కులను గురించి ఈ పత్రికలో మనం ఏళ్ళ తరబడి రాసుకుంటున్నాము. బడిని గురించి రాశాము. కచేరీని గురించి, న్యాయస్థానాన్ని గురించి, బస్సు నుదుటి మీది ఊరిపేరును గురించి రాశాము. తమిళనాడు ప్రభుత్వం 2006లో తెచ్చిన తమిళ అభ్యసన చట్టం మన పిల్లల పలకల మీది తెలుగు అక్షరాన్ని ఏడాదికొక తరగతి చొప్పున ఎట్లా తుడుచుకుంటూ పోయిందో రాశాము. ఇవన్నీ రాయవలసినవే. అయితే అమ్మనుడి అవసరం వీటన్నింటికన్న తీవ్రంగా ఎదురయ్యే చోటు ఇంకొకటి ఉన్నదని నాకు నా మనుమరాలు నేర్పింది. జబ్బుపడిన పసిబిడ్డ పడకే ఆ చోటు.

నా మనుమరాలికి ఆరేళ్ళు. ఆమెకున్న జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. దీనికి తెలుగు పేరు లేదు. పుట్టుకతోనే వచ్చే జబ్బు ఇది. ఒంటిలోని కణాలలో ఉప్పును, నీటిని అటూ ఇటూ పంపే ఒక ద్వారం సరిగా పనిచేయదు. అందువల్ల ఊపిరితిత్తులలోని పలుచని తేమ జిగటగా మారి గొట్టాలలో పేరుకొంటుంది. ఆ జిగటలో క్రిములు కాపురం పెడతాయి. క్లోమం నుండి జీర్ణరసం పేగులోకి దిగదు, కనుక తిన్న నెయ్యి, నూనె ఒంటికి పట్టవు. బిడ్డ ఆకలితో ఎంత తిన్నా బరువు పెరగదు. మలం జిడ్డుగా, దుర్వాసనతో పోతుంది. ఈ లోపానికి మూలమైన జన్యువును 1989లో కనుగొన్నారు.

తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు జన్యువులూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుంది. ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నవారైతే ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. నా కొడుకు తన మేనమామ కూతురినే పెళ్ళాడాడు. మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. మేనరికం లేనివారికీ ఈ జబ్బు రావచ్చు, ఉన్నవారికి అవకాశం పెరుగుతుంది. ఇది ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. అయినా మా ఇంట్లో ఏడాదిపాటు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము. ఇట్లాంటి బాధ ఉన్న ఇళ్ళు ఇంకా ఉంటాయి గనుకనే ఈ మాట దాచకుండా రాస్తున్నాను.

ఇక భాష సంగతికి వస్తాను. ఈ జబ్బును గుర్తించడంలో మేము పోగొట్టుకున్న కాలం, వైద్యం మొదలైన తరువాత బిడ్డ పడిన బాధ, రెండూ మాటలు తప్పిపోవడం వల్లనే జరిగాయి.

మొదటిది మా మాట వైద్యునికి చేరకపోవడం. బిడ్డకు ఏడాది నిండకముందు నుండే దగ్గు. నెలకొకసారి జ్వరం. హోసూరులో ఒక వైద్యుని దగ్గరకు, తరువాత ఇంకొకరి దగ్గరకు తిరిగాము. క్షయ కావచ్చునని ఆరు నెలలు మందులు మింగించారు. మన దేశంలో ఈ జబ్బును క్షయగానో, ఉబ్బసంగానో పొరపడడం తరచుగా జరిగేదే. కాని మా ఇంట్లో అసలు గుర్తును పట్టుకున్న మనిషి ఒకరున్నారు. ఆమె నా భార్య. బిడ్డను ముద్దు పెట్టుకున్నప్పుడల్లా, "ఈ పిల్ల బుగ్గ ఉప్పుకల్లు మాదిరి ఉందే" అనేది. చెమట ఆరిన నుదుటి మీద తెల్లని పొడి కనబడుతున్నదని చూపించేది. ఆసుపత్రిలో కూడా ఆ మాట అన్నది, తెలుగులో. వైద్యునితో తమిళంలో మాట్లాడుతున్నది నేను. జ్వరాన్ని, దగ్గును, ఆయాసాన్ని తమిళంలోకి మార్చి చెప్పాను. ఆమె మాటను మాత్రం మార్చలేదు. ముసలామె మాటగదా అనుకున్నాను. ఇంటి వాడుకలో పుట్టిన ఆ మాటను తమిళంలో చెప్పబోతే వెటకారంగా ఉంటుందేమోనని కూడా సంకోచించాను.

ఉప్పటి చెమటే ఈ జబ్బుకు మొదటి గుర్తు అని రెండేళ్ళ తరువాత తెలిసింది. చెమటలోని క్లోరైడును కొలిచే పరీక్షతోనే దీనిని నిర్ధారిస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్‌లు, అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్లే లెక్క. నా భార్య పెదవులు చెప్పిన సంగతినే ఆ పరీక్ష అంకెలలో చెప్పింది. ముప్పయ్యేళ్ళు తెలుగు పంతులుగా పనిచేసిన నేను, నా ఇంటి తెలుగు మాటను ఒక వైద్యుని బల్ల దాటించలేకపోయాను. ఈ తప్పు ప్రభుత్వానిది కాదు, తమిళులది కాదు, నాది.

రెండవది వైద్యుల మాట మాకు తప్పుగా చేరడం. జబ్బు బయటపడిన తరువాత దూరపు ఊరిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో వైద్యం మొదలైంది. జీర్ణరసానికి బదులుగా ఇచ్చే మందు గొట్టాలలో వస్తుంది. చిన్నపిల్లలకు ఆ గొట్టాన్ని విప్పి, లోపలి సన్నని పూసలను చెంచాడు ఆపిల్ గుజ్జులో కలిపి, నమలనీయకుండా మింగించాలి. వేడి అన్నంలోనో పాలలోనో కలపరాదు. పూసలు నోటిలో నిలిచిపోతే నోరు పుండవుతుంది. అందుకని వెంటనే నీళ్ళు తాగించాలి. ఇంతవరకు చక్కని సూచనలే. ఆ రోజున బిడ్డతో ఆసుపత్రికి వెళ్ళినవారు నా కోడలు, నా భార్య. నా కోడలిది మదనపల్లె వైపు. తమిళం అప్పుడప్పుడే చెవిన పడుతున్న మనిషి. అక్కడి నర్సు తమిళంలో "మెల్లామ ముళుంగణుం" అని చెప్పింది. నమలకుండా మింగాలి అని దాని అర్థం. మా కోడలు చెవికి వినబడింది "మెల్లగా". మెల్లమెల్లగా మింగించాలేమో అనుకున్నది. ఇంటికి వచ్చి ఎంతో ఓపికగా, ఒక్కొక్క చుక్కగా, నాలుక మీద పెట్టి చప్పరించనిచ్చింది. వారం తిరగకముందే బిడ్డ నోరంతా పొక్కింది. అన్నం చూస్తే ఏడ్పు, చెంచా చూస్తే ఏడ్పు.

ఆసుపత్రివారు చీటీ కూడా ఇచ్చారు. అది తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నది. నా కోడలికి వచ్చిన రాత తెలుగు ఒక్కటే. ఆ చీటీ రసీదుల మధ్య సంచిలో ఉండిపోయింది. నోరు పుండైన తరువాతనే నేను దానిని తీసి చదివాను. తల్లి చేతిలో లోపం లేదు, నర్సు మాటలో లోపం లేదు. ఇద్దరి నడుమ ఒక్క మాట జారిపోయింది. ఆ ఒక్క మాట వల్ల ఒక పసిదానికి చెంచా అంటే భయం పుట్టింది. ఆ భయాన్ని పోగొట్టడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ఈ జబ్బులో భయమన్నది చిన్న సంగతి కాదు. నాలుగు రోజులు మందు మింగితే తీరిపోయే జబ్బు కాదిది. తిన్న ప్రతిసారీ పూసల మందు. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమినులు. ఉదయం, సాయంత్రం నెబులైజరు ముసుగు పెట్టి ముందుగా ఊపిరి గొట్టాలను విప్పే మందు, తరువాత గాఢమైన ఉప్పునీటి ఆవిరి, ఆ పైన వీపు, పక్కలు తట్టి గళ్ళను కదిలించడం, అవసరమైనప్పుడు క్రిములను చంపే మందును కూడా ఆవిరిగా పీల్పించడం. ఆ తరువాత ముసుగును, గిన్నెను కడిగి, క్రిములు లేకుండా చేసి, ఆరబెట్టుకోవడం. పండుగ అయినా, పెళ్ళి అయినా, బిడ్డ బాగున్న రోజైనా ఇది తప్పదు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయిక ఎందరో రోగుల బతుకును మార్చింది. కాని దాని ధర మనబోటివారికి అందనిది. పైగా అది అన్ని రకాల జన్యులోపాలకూ పనిచేయదు. దానికి బాగా లొంగే లోపం పాశ్చాత్య దేశాలలో ఉన్నంతగా మన దేశపు పిల్లలలో లేదు. కనుక మా ఇంటికి ఈ దినచర్యే దిక్కు.

ఇక్కడ అందరూ తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. ఏడుస్తున్న బిడ్డకు ముసుగు అదిమిపెట్టి ఆవిరి పట్టిస్తే మందు లోపలికి పోయిందని మనం అనుకొంటాము. నిజానికి ఏడుపులో మందు చాలావరకు ముఖం మీద, గొంతులో చిక్కుకుపోతుంది. ఊపిరితిత్తుల అడుగుకు చేరేది బహు స్వల్పం. ముసుగును ముఖానికి దూరంగా పట్టుకున్నా అంతే. బిడ్డ నెమ్మదిగా ఊపిరి తీసుకొంటేనే మందు మందుగా పనిచేస్తుంది. అంటే బిడ్డ ఒప్పుకోలు వైద్యంలో ఒక భాగమే. ఆ ఒప్పుకోలును ఏ మాటలతో తెచ్చుకుంటాము? మూడేళ్ళ బిడ్డకు కలలు వచ్చే భాషలోనే గదా!

ఇది నాకు అర్థమైంది ఒక తమిళ అమ్మాయి వల్ల. మూడవసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఊపిరి వ్యాయామాలు నేర్పే ఒక చిన్న వయసు ఉద్యోగిని, ఏడుస్తున్న మా బిడ్డను చూసి ముసుగు పక్కన పెట్టింది. నన్ను పిలిచి, "మీ ఇంట్లో దగ్గడానికి ఏమంటారు? మింగడానికి ఏమంటారు? నమలడానికి ఏమంటారు?" అని అడిగి చేతి మీద రాసుకున్నది. దగ్గు, మింగు, నములు, గళ్ళ, చాలు, అయిపోయింది. పదిలోపు మాటలు. "ఊదు" అన్న మాట మాత్రం రాసుకోనక్కరలేకపోయింది. అది తమిళంలోనూ, కన్నడంలోనూ, తెలుగులోనూ ఒక్కటే. ఆ పది మాటలతో ఆమె మా బిడ్డ ఎదుట కూర్చొని, "ఊదు, ఊదు, చాలు, అయిపోయింది" అన్నది. ఉచ్చారణ తప్పు. మా బిడ్డ ఏడుపు మాని నవ్వింది. తప్పును దిద్దింది కూడా. ఆ రోజున ఆవిరి మొత్తం లోపలికి పోయింది.

ఇంటికి వచ్చి మేమూ మా తీరు మార్చుకున్నాము. ఇటువంటి బిడ్డలున్న ఇళ్ళకు ఉపయోగపడునేమోనని కొన్ని సంగతులు రాస్తున్నాను. వైద్యుడు చెప్పిన మందును, మోతాదును మార్చేవి కావివి.

నెబులైజరు పొగను చూసి మనుమరాలే దానికి "పొగబండి" అని పేరు పెట్టింది. మేము ఆ పేరును నిలబెట్టుకున్నాము. ముసుగు పెట్టుకోగానే బండి హోసూరులో కదులుతుంది. రెండు నిమిషాలకొకసారి నేను తరువాతి స్టేషను పేరు చెబుతాను: కెలమంగలం, రాయకోట, పాలకోడు, ధర్మపురి, ఓమలూరు, సేలం. సేలం వస్తే దిగిపోవచ్చు. పసిబిడ్డకు "పన్నెండు నిమిషాలు" అంటే అర్థం కాదు. ఎప్పుడు అయిపోతుందో తెలియని పని అంటే వాళ్ళకు భయం. "ధర్మపురి దాటింది" అంటే అర్థమవుతుంది.

"ఆవిరి పట్టుకుంటావా?" అని అడగడం మానివేశాము. అట్లా అడిగితే "వద్దు" అనే హక్కు ఆమెకు ఇచ్చినట్లే, ఆ హక్కు మనం ఇవ్వలేము. "అవ్వ ఒడిలోనా, తాత పక్కనా?", "ముందు బొమ్మకా, ముందు నీకా?" అని అడుగుతాము. పని మారదు, ఎంపిక ఆమెది. బొమ్మకు ముసుగు పెట్టి, "భయం లేదమ్మా, అయిపోతుంది" అని ఆమె ధైర్యం చెబుతుంది. బొమ్మకు చెప్పిన ధైర్యం తనకే చెప్పుకున్నది.

గొంతు బిగించకుండా లోతు నుండి ఊపిరి వదలడాన్ని వైద్యులు ఎన్నో విధాలుగా వివరిస్తారు. మా బిడ్డకు అది పలక మీద వచ్చింది. మన చిన్నతనంలో పలకను తుడవడానికి "హా" అని ఆవిరి పట్టించి అరచేతితో రుద్దేవాళ్ళం గదా! అదే ఇది. పలక మసకబారితే ఊపిరి సరిగా వదిలినట్లు. వీపు తట్టడం అన్నానికి ముందే చేస్తాము, కడుపు నిండిన తరువాత చేస్తే వాంతి అవుతుంది. దోసిలిలా వంచిన అరచేతితో, చొక్కా మీదనే, వెన్నెముక మీద పడకుండా తడతాము. తట్టుతున్నంతసేపూ నా భార్య కథ చెబుతుంది. కథ ఆగితే చేయి ఆగుతుంది, చేయి ఆగితే కథ ఆగుతుంది.

అబద్ధం చెప్పరాదని కూడా నేర్చుకున్నాము. సూది పొడిచేటప్పుడు "నొప్పి ఉండదు" అన్నామంటే ఆ తరువాత మన ఏ మాటా నమ్మదు. "చీమ కుట్టినట్లుంటుంది, మూడు లెక్కపెట్టేలోగా పోతుంది" అంటాము. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని నేను ఒకటి రెండుసార్లు బెదిరించాను. ఆ బెదిరింపుకు నెల రోజులు మూల్యం చెల్లించాము. వైద్యాన్ని శిక్షగా చూపకూడదు. ఏడిస్తే కోప్పడక, చేసిన మంచిపనిని పేరుపెట్టి మెచ్చుకోవాలి. "మంచిపిల్ల" అనడం కాదు, "ముసుగు తీయకుండా రాయకోట దాకా వచ్చావే!" అనాలి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. తండ్రి ఫ్యాక్టరీ షిఫ్టు నుండి వచ్చి "ఈ పూటకు పోనీలే" అంటే పదిరోజుల పని పోతుంది.

తిండి దగ్గర పోరు పెట్టుకోరాదు. ఈ బిడ్డలకు మిగతా పిల్లలకన్న ఎక్కువ బలం, ఎక్కువ కొవ్వు, ఎక్కువ ఉప్పు కావాలి. ఎండకాలంలో చెమటతో ఉప్పంతా పోతుంది, ప్రమాదం కూడా. రాగిసంగటిలో నెయ్యి, చెనిక్కాయల పొడి, ఉప్పు వేసిన మజ్జిగ, ఇవి మన వంటింట్లో ఉన్నవే. ఆసుపత్రి చీటీలో రాసిన తిండిపేర్లలో సగం మా కోడలు ఎన్నడూ వినలేదు. "సంగటి తినవచ్చునా?" అని అడగడానికి ఆమెకు భాష లేదు. అడిగి ఉంటే "తప్పక తినవచ్చు" అనేవారు.

ఇప్పుడు కొందరు అడుగుతారు: తమిళనాడులో ఉంటూ తమిళం నేర్చుకోవచ్చు గదా? నేర్చుకోవాలి, మేము నేర్చుకున్నాము, కోడలూ నేర్చుకుంటున్నది. కాని జబ్బు మనం భాష నేర్చుకునేదాకా ఆగదు. మూడేళ్ళ బిడ్డ ఊపిరికి, తల్లి భాషాభ్యాసానికి ముడిపెట్టడం న్యాయమా? బళ్ళారిలో కన్నడ చీటీ, బరంపురంలో ఒడియా చీటీ, షోలాపూరులో మరాఠీ చీటీ చేతబట్టుకొని నిలబడిన తెలుగు తల్లులందరిదీ ఇదే స్థితి. హైదరాబాదు ఆసుపత్రిలో నిలబడిన ఒక ఒడియా తల్లిదీ ఇదే స్థితి. ఆమె కోసం కూడా మనం అడగాలి.

మన ఉద్యమకారులకూ ఒక మనవి. పుస్తకాల తెలుగులో "శ్వాసకోశ శుద్ధి ప్రక్రియ" అని చీటీ వేసి, తెలుగుకు న్యాయం చేశామనుకోవద్దు. ఆ చీటీ తమిళ చీటీ ఎంత దూరమో అంత దూరమే. గళ్ళను గళ్ళ అనండి. దగ్గును దగ్గు అనండి. ఇంకొక చేదు నిజం కూడా ఉన్నది. 2006 చట్టం తరువాత బడికి వెళ్ళిన మన పిల్లలలో చాలామందికి తెలుగు మాట వచ్చును, తెలుగు రాత రాదు. రేపు వాళ్ళే తల్లులు, తండ్రులు. అచ్చువేసిన చీటీ ఒక్కటే వాళ్ళకు చాలదు. తెలుగులో చదివి వినిపించే గొంతు కావాలి. మా ఇంట్లో నేను చీటీ మొత్తాన్ని మా యాసలో చదివి చేతిఫోనులో పట్టి ఉంచాను. కోడలు వంట చేస్తూ వింటుంది.

అడగడానికి మనకు ఆధారం లేకపోలేదు. 1956 నాటి ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ, 350బి అధికరణలు అల్పసంఖ్యాక భాషలవారి కోసం పుట్టినవే. జిల్లాలో గాని తాలూకాలో గాని జనాభాలో 15 శాతానికి తగ్గకుండా ఉన్నవారి భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఒప్పుకున్న రక్షణలలో ఒకటి. ఒక బిడ్డ ఊపిరికి సంబంధించిన సూచనకన్న ముఖ్యమైన ప్రకటన ఇంకేముంటుంది? 2021లో కేంద్రం ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఈ జబ్బు పేరు ఉన్నది. గుర్తింపు పొందిన వైద్యకేంద్రాలు బెంగళూరులోనూ, హైదరాబాదులోనూ ఉన్నాయి. ఈ సంగతి కూడా సరిహద్దు పల్లెలకు తెలుగులో చేరలేదు.

కనుక మనం చేయవలసినవి మూడు. సరిహద్దు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో పిల్లల జబ్బుల సూచనలు అక్కడి తెలుగువారి వాడుకమాటలలో, రాతలోనూ గొంతులోనూ దొరకాలని వినతిపత్రాలు ఇవ్వాలి. పదవీ విరమణ చేసిన తెలుగు పంతుళ్ళు వారానికి ఒక పూట తమ ఊరి ఆసుపత్రిలో కూర్చొని, తల్లుల మాటను వైద్యునికి, వైద్యుని మాటను తల్లులకు చేరవేయాలి. నేను మొదలుపెట్టాను, శనివారం ఉదయం. మూడవది, ఇంటి ముసలమ్మ తెలుగులో చెప్పిన మాటను చిన్నచూపు చూడకుండా వైద్యుని దాకా తీసుకుపోవాలి.

అమ్మనుడి జబ్బును నయం చేస్తుందని నేను అనడం లేదు. మా బిడ్డ జబ్బు మాతోనే ఉంటుంది. రేపు ఉదయం మళ్ళీ పొగబండి హోసూరులో బయలుదేరాలి. ఏడవకుండా బయలుదేరితే మందు లోపలికి పోతుంది. ఆ ఏడుపును ఆపగలిగినది మా ఇంట్లో తెలుగు ఒక్కటే. మీ ఇంట్లోనూ అంతే.